వచ్చెను, వచ్చాడు, వచ్చిండు: ఒక క్రియ చరిత్రను వెదికే పద్ధతి

భాష మొత్తాన్నీ ఒకేసారి పట్టుకోబోతే ఏదీ చేతికి రాదు. ఒక్క రూపం ఎంచుకోండి. తెలుగులో మొదలుపెట్టడానికి భూతకాల క్రియను మించింది లేదు.

ముందు రెండు కొసలూ రాసుకోండి. కావ్యభాషలో ‘రాముఁడు వచ్చెను’, ‘సీత వచ్చెను’. క్రియ ఒక్కటే. ఇవాళ ‘వచ్చాడు’, ‘వచ్చింది’. మధ్యలో ఈ తేడా ఎలా చేరింది? విడదీయండి: వచ్చిన + వాఁడు, వచ్చిన + అది. ‘వచ్చెను’ అరిగి ‘వచ్చాడు’ కాలేదు, ‘వచ్చినవాఁడు’ కుదించుకుపోయి దాని చోట్లోకి వచ్చింది. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. పాతది పూర్తిగా పోనూ లేదు, ‘అయిపాయె’ అనే నోట అది ఇంకా బతికే ఉంది.

తర్వాత మాండలికాలు. రాయలసీమ ‘వచ్చినాడు’, తెలంగాణ ‘వచ్చిండు’, కోస్తా ‘వచ్చాడు’ పక్కపక్కన పెట్టండి. ‘వచ్చిండు’లోని సున్న పాత ‘వాండు’ (వాఁడు)దే అని తొందరపడవద్దు. బహువచనం ‘వచ్చిన్రు’. ‘వారు’లో సున్న లేదు కదా, కాబట్టి ఆ నకారం ‘వచ్చిన’లోదే. ఏ రూపాన్నైనా ఇలా దాని తోబుట్టువుతో సరిచూడాలి.

కాలం తేల్చడానికి శాసనాలే దిక్కు. గతించిన శకవర్షానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది, ఏడాది చివరి నెలలైతే 79 కలపండి. కలమళ్ళ శాసనం (సుమారు క్రీ.శ. 575) లాంటివాటికి లిపిని బట్టే కాలనిర్ణయం, కనుక వాటిని విడిగా ఉంచండి. శాసనాల్లో ఎక్కువ భాగం దానాలు. ‘వచ్చు’ కోసం వెదికితే దొరికేది తక్కువ, ‘ఇచ్చు’ కోసం వెదకండి.

కావ్యాల్లో వచనం కన్నా పద్యాన్ని నమ్మండి. వచనంలో నకలు రాసే లేఖకుడు తన కాలపు మాట రాసేయగలడు. పద్యంలో గణం అడ్డుపడుతుంది: ‘వచ్చెను’ భగణం, ‘వచ్చాడు’ తగణం.

19వ శతాబ్దపు అచ్చు పుస్తకాలతో జాగ్రత్త. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) సూత్రీకరించింది కావ్యభాషను. ఆ బాటలో రాసిన వచనంలో ‘వచ్చెను’ ఉందని జనం అలాగే మాట్లాడారనుకోకూడదు. సర్వే అధికారి కాలిన్ మెకంజీ సేకరించిన కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్ర పత్రాలు, వాడుకకు మరింత దగ్గర. ఒకే పత్రంలో రెండు రూపాలూ కనిపిస్తే ఒకదాన్ని తప్పని కొట్టేయకండి. ఏది కథనంలో వచ్చిందో, ఏది ఒకరి నోటిమాటగా వచ్చిందో విడివిడిగా లెక్కించండి.