ప్రాజెక్టు కోడ్‌కి గిట్టా, సబ్‌వర్షనా?

తిరుపతిలో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు మొదలుపెడుతున్న వాళ్లకి ఒక మాట. కోడ్‌ని జిప్ చేసి వాట్సాప్‌లో పంపుకోవడం మానేసి, మొదటి రోజే గిట్ పెట్టుకోండి. ఫైళ్లలో చేసిన ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్ అది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ పని కోసం తయారుచేసింది ఇది, ఉచితం. ప్రాజెక్టు చరిత్ర మొత్తం ప్రతి ఒక్కరి ల్యాప్‌టాప్‌లోనూ ఉంటుంది, నాకు బాగా నచ్చేది అదే. చిత్తూరు నుంచి పాకాల మీదుగా రైల్లో వస్తున్నప్పుడు సిగ్నల్ లేకపోయినా కమిట్ చేసుకోవచ్చు (అంటే చేసిన మార్పుల్ని చరిత్రలో నమోదు చేసుకోవచ్చు), పాత వెర్షన్‌తో పోల్చి చూసుకోవచ్చు. నెట్ వచ్చాక పుష్ చేస్తే, అంటే వాటిని అందరికీ ఉమ్మడిగా ఉన్న సర్వర్‌కి పంపితే చాలు. సబ్‌వర్షన్ కూడా ఇలాంటి సాఫ్ట్‌వేరే, కానీ చరిత్ర ఒక సర్వర్‌లో ఉంటుంది కాబట్టి కమిట్ చేయాలంటే ఆ సర్వర్ అందాల్సిందే.

అలాగని సబ్‌వర్షన్‌ని తీసిపారేయకండి. వీడియోలు, డిజైన్ ఫైళ్లు ఎక్కువుంటే ఇద్దరు చేసిన మార్పులు కలపడం కుదరదు. ఒకరు మారుస్తుంటే ఇంకొకరు ముట్టుకోకుండా లాక్ వేసే సౌకర్యం సబ్‌వర్షన్‌లో ఉంది. గిట్‌లోనే ఉండాలనుకుంటే పెద్ద ఫైళ్లని విడిగా దాచే ఎల్‌ఎఫ్‌ఎస్ అనే అదనపు టూల్ వాడండి, ఎందుకంటే గిట్ ప్రాజెక్టుల్ని ఆన్‌లైన్‌లో ఉంచే గిట్‌హబ్ సైట్ మామూలుగా 100 ఎంబీ దాటిన ఫైల్‌ని తీసుకోదు.

ఏది వాడినా సరే, పాస్‌వర్డ్‌లున్న ఫైల్‌ని కమిట్ చేయకండి. తర్వాత డిలీట్ చేసినా పాత కమిట్‌లో అది కనిపిస్తూనే ఉంటుంది.