టెర్మినల్‌లో రంగులు వేసే ముందు చూసుకోవాల్సినవి

• మీ ప్రోగ్రామ్ అవుట్‌పుట్ ఎక్కడికి వెళ్తోంది, టెర్మినల్‌కా (ఆదేశాలు టైప్ చేసే అక్షరాల తెర), ఫైలుకా? అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఎరుపు రంగంటే నిజానికి 27వ నంబరు ఎస్కేప్ అక్షరం, ఆ వెంటనే చదరపు బ్రాకెట్, 31, ఎమ్. టెర్మినల్ ఈ వరుసను రంగుగా మారుస్తుంది. ఫైలుకు ఆ పని తెలియదు, ఉన్నది ఉన్నట్టు దాచుకుంటుంది. తర్వాత ఆ ఫైలు చదివేవారికి ప్రతి పదం పక్కనా చెత్తే కనిపిస్తుంది, వెతికిన మాట ఒక్కోసారి దొరకదు కూడా. అందుకే ఈజ్‌ఎటిటివై (isatty, అవుట్‌పుట్ టెర్మినల్‌కే వెళ్తోందా అని చెప్పే ఫంక్షన్)తో అడిగి, ఎదురుగా టెర్మినల్ ఉంటేనే రంగు వేయండి. మామూలు అవుట్‌పుట్‌ను, ఎర్రర్ అవుట్‌పుట్‌ను విడివిడిగా పరీక్షించండి. ఒకటి ఫైలులోకి, రెండోది తెర మీదికి వెళ్తుండవచ్చు.

• నో_కలర్ (NO_COLOR) అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (వాడేవారు ప్రోగ్రామ్‌ల కోసం ముందే పెట్టి ఉంచే సెట్టింగ్) ఏదైనా విలువ ఉంటే రంగులు మానేయండి. వాడేవారు వద్దన్నాక ఇక వాదన లేదు.

• మొదలుపెట్టిన ప్రతి రంగునూ 0 కోడ్‌తో (అదే వరుసలో 31 బదులు 0) ముగించండి, ఎవరైనా మధ్యలో ప్రోగ్రామ్‌ను ఆపడానికి కంట్రోల్-సి నొక్కినా సరే. లేకపోతే ఆ తర్వాతి ప్రాంప్ట్ (కొత్త ఆదేశం కోసం ఎదురుచూసే వరుస) కూడా ఎర్రబడుతుంది.

• పట్టికలో ముందు ఖాళీలు నింపి, ఆ తర్వాత రంగు వేయండి. కోడ్‌లు తెరపై కనిపించకపోయినా పొడవు లెక్కలోకి వస్తాయి, వరుసలు వంకరపోతాయి.

• అర్థాన్ని రంగు ఒక్కదానికే వదిలేయకండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివారు మన పాఠకుల్లో తప్పక ఉంటారు. ‘విఫలం’ అని పదంలోనూ రాయండి. తెల్లటి నేపథ్యంపై పసుపు అక్షరాలు ఎవరికీ సరిగా కనిపించవు.

• బయటి నుంచి వచ్చిన ఫైలు పేర్లు, సందేశాల్లోని ఎస్కేప్ అక్షరాలను తీసేశాకే ముద్రించండి. వాటితో తెరను చెరిపేయవచ్చు, అసలు వరుసను దాచేయవచ్చు.