జీతం పెంచినా జనం నిలవడం లేదా? విశాఖ హెచ్ఆర్ హెడ్‌లకు సమస్య - పరిష్కారం

ఏప్రిల్ వచ్చిందంటే ప్రతి కంపెనీలో హెచ్ఆర్ హెడ్ ఎండీ ముందు ఒక స్లైడ్ పెడతాడు. ‘ఈ ఏడాది మా ప్రాధాన్యాలు’ అని పైన రాసి ఉంటుంది. కింద టాలెంట్, కల్చర్, డిజిటల్. అయిదేళ్ల కిందటి స్లైడ్ తీసి తేదీ మార్చి పెట్టినా ఎవరూ కనిపెట్టలేరు. నేనూ పెట్టాను, దాచుకోవడం ఎందుకు?

విశాఖ చుట్టూ ఫ్యాక్టరీలుండే గాజువాక, పరవాడ, అచ్యుతాపురం మధ్య ఇరవై ఏళ్లు తిరిగాక నా పద్ధతి మారింది. ముందు గేటు దగ్గర, పే స్లిప్ దగ్గర, రిజిస్టర్లలో ఏం తేడాగా ఉందో చూస్తాను. దానికి కారణం దొరికాకే ప్రాధాన్యం రాసుకుంటాను. ఎక్కువ సార్లు ఎదురైన సమస్యలు కింద ఉన్నాయి. మీ దగ్గర ఏది ఉంటే అక్కడికే నేరుగా వెళ్లండి.

సమస్య: చేరినవాళ్లు మూడు నెలలకే మానేస్తున్నారు

అందరూ మొదట అనేమాట ‘పక్క కంపెనీ ఎక్కువ ఇస్తోంది’. నిజం కావచ్చు. కానీ జీతం పెంచే ముందు ఒక గంట పని చేయండి. గత ఏడాది మానేసినవాళ్ల లిస్టు తీసి, ప్రతి పేరు పక్కన మూడు విషయాలు రాయండి: ఎన్ని రోజులు పనిచేశారు, ఏ సూపర్‌వైజర్ కింద, ఏ బస్సు రూటు. దీనికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఎక్సెల్ చాలు.

మొదటి పది రోజుల్లోనే పోయారంటే, చేర్చుకున్నప్పుడు చెప్పిన పని ఒకటి, చేయించిన పని ఇంకొకటి. ఒకటి నుంచి మూడు నెలల మధ్య పోతుంటే షిఫ్ట్, బస్సు, సూపర్‌వైజర్ ఈ మూడింటిలో ఒకటి. ఏడాది దాటాక పోయేవాళ్ల విషయంలోనే జీతం, ప్రమోషన్ గురించి ఆలోచించాలి. ఎగ్జిట్ ఫారాన్ని నమ్ముకోకండి. రిలీవింగ్ లెటర్ మీ చేతిలో పెట్టుకుని ‘ఎందుకు మానేస్తున్నావు’ అని అడిగితే ఎవరైనా ‘వ్యక్తిగత కారణాలు’ అనే రాస్తారు.

పరవాడ వైపు ఒక యూనిట్‌లో ప్యాకింగ్ అమ్మాయిలు ఇలాగే వరసగా మానేశారు. మేనేజ్‌మెంట్ అటెండెన్స్ బోనస్ పెంచడానికి సిద్ధమైంది. ఒకరోజు రాత్రి సెక్యూరిటీ రూమ్‌లో టీ తాగుతూ కూర్చుంటే అసలు సంగతి కళ్లబడింది. బి-షిఫ్ట్ పదింటికి అయిపోతుంది. చోడవరం రూటు బస్సు పదీ పదికి కదిలిపోతుంది. లైను మీద కౌంట్ సి-షిఫ్ట్ వాళ్లకు అప్పజెప్పి, లెక్క సరిపోయాకే సూపర్‌వైజర్ వదులుతాడు. అది పదీ పావు. ఆ రాత్రి ఇద్దరమ్మాయిలు చెప్పులు చేత్తో పట్టుకుని గేటు దాకా పరుగెత్తుకొచ్చారు. బస్సు వెనక ఎర్రలైటు మాత్రమే కనిపించింది. ఒకమ్మాయి ఇంటికి ఫోన్ చేసింది, తమ్ముడు బైకు మీద లంకెలపాలెం జంక్షన్‌కి వచ్చి తీసుకెళ్లాడు. ఇలా రెండుసార్లు జరిగితే ఏ ఇంట్లోనైనా ‘ఆ ఉద్యోగం వద్దులేమ్మా’ అంటారు.

బస్సు టైము పదిన్నరకు మార్చాం. కౌంట్ తీయడం తొమ్మిదీ నలభైకే మొదలుపెట్టించాం. అటెండెన్స్ బోనస్ ఫైలు అలాగే మూసేశాం. ఈ మార్పుకు అయిన ఖర్చు ట్రాన్స్‌పోర్ట్ కాంట్రాక్టర్‌తో రెండు రోజుల వాదన, అంతే.

లిస్టులో ఒకే సూపర్‌వైజర్ పేరు పదే పదే వస్తే మాత్రం కొంచెం నిదానంగా వెళ్లండి. అతను చెడ్డవాడై ఉండడు. మంచి ఆపరేటర్ కాబట్టి సూపర్‌వైజర్‌ని చేశారు, మనుషులతో ఎలా మాట్లాడాలో ఎవరూ నేర్పలేదు. ‘ఏరా’ అని పిలిస్తే పాతవాళ్లు సర్దుకుపోయేవారు, ఇప్పటి కుర్రాళ్లు సర్దుకోరు. అలాంటి చోట సెలవు ఇచ్చే అధికారం కొన్నాళ్లు అతని చేతిలోంచి తీసి షిఫ్ట్ ఇన్‌చార్జికి ఇవ్వడం నేను చేసిన మొదటి పని. గొడవల్లో చాలావరకు సెలవు దగ్గరే పుడతాయి మరి.

ఇంకొకటి. పోయేవాళ్లను సరిగ్గా పంపండి. కొత్త కార్మిక చట్టాల్లో ఒకటైన వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినా, తీసేసినా రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలి. ఫుల్ అండ్ ఫైనల్ (చివరి లెక్క) కోసం మూడు నెలలు తిరిగిన కుర్రాడు తన ఊళ్లో మీ కంపెనీ గురించి ఏం చెబుతాడో మీరే ఊహించుకోండి. ఆ ఊరి నుంచి మళ్లీ మనుషులు రారు.

సమస్య: ‘చేతికొచ్చే జీతం తగ్గింది’ అని గేటు దగ్గర గొడవ

వేతనాల కోడ్‌తో సహా నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చాయి. అప్పటి నుంచి ఈ ప్రశ్న ప్రతి కంపెనీలో వినిపిస్తోంది. కారణం కొత్త ‘వేతనం’ నిర్వచనం. హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె), కన్వేయన్స్ (రాకపోకల ఖర్చు) లాంటి, వేతనంలో లెక్కించని మినహాయింపులన్నీ కలిపి మొత్తం పారితోషికంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలోనే కలిపి లెక్కించాలి.

లెక్క వేసి చూద్దాం. ఒకరికి నెలకు 24,000. అందులో బేసిక్ 8,000, మినహాయింపు వచ్చే అలవెన్సులు 16,000 అనుకోండి. సగం అంటే 12,000. అలవెన్సులు దానికన్నా 4,000 ఎక్కువ ఉన్నాయి కాబట్టి, ఆ 4,000 బేసిక్‌తో కలిసి వేతనం 12,000 అవుతుంది. ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే గ్రాట్యుటీ ఏడాదికి 15 రోజుల వేతనం, నెలకు 26 రోజుల లెక్కన. అంటే ఏడాది సర్వీసుకు 4,615 వచ్చేది ఇప్పుడు 6,923 వస్తుంది. పీఎఫ్ కూడా ఈ 12,000 మీదే కడితే ఉద్యోగి వాటా 960 నుంచి 1,440కి పెరుగుతుంది. చేతికొచ్చేది 480 తగ్గుతుంది. కంపెనీ కూడా అంతే అదనంగా కట్టాలి. అప్పటికే 15,000 పరిమితి మీద పీఎఫ్ కట్టేవాళ్లకు, పరిమితి వరకే కడుతూ పోతే తేడా రాదు.

బేసిక్ తక్కువ చూపించి నెట్టుకొచ్చిన కంపెనీలకే ఇది గట్టిగా తగులుతుంది. ఈ దెబ్బ ముందే తెలిసిందే కూడా. అందరికీ ఒకేలా ఇచ్చే అలవెన్సులను కలిపే పీఎఫ్ కట్టాలని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరిలోనే చెప్పింది. వినిపించుకోలేదు, అంతే.

పరిష్కారం ఫైనాన్స్‌ది సగం, మాటది సగం. జీతం పడకముందే ప్రతి మనిషికీ ఒక పేజీ తెలుగులో ఇవ్వండి: పోయిన నెల, ఈ నెల, తేడా, ఆ తేడా ఎక్కడుంది. నోటీసు బోర్డుకు సర్క్యులర్ అంటిస్తే సరిపోదు. నాకు తెలిసిన ఒకచోట ఒక పెద్దాయన, చాలా ఏళ్ల సర్వీసు హెల్పర్, పే స్లిప్ మడత విప్పి “మరి నా నాలుగొందల ఎనభై ఏటైపోయినట్టు బాబూ?” అని అడిగాడు. టైమ్ ఆఫీస్ కుర్రాడు అతని ఫోన్లోనే ఉమంగ్ యాప్ తెరిచి పీఎఫ్ పాస్‌బుక్ చూపించాడు. తన వాటా, పక్కనే కంపెనీ వాటా. ఆయన వేలితో రెండు వరసలూ తడిమి చూసి, ఇంకో నలుగురిని పిలుచుకొచ్చాడు. ఆ రోజు నేను రాసిన సర్క్యులర్ ఎవరూ చదవలేదు.

ఫిక్స్‌డ్ టర్మ్ మీద, అంటే నిర్ణీత కాలానికి తీసుకున్నవాళ్లకు ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ హక్కు వచ్చింది. దాన్ని బడ్జెట్‌లో ఇప్పుడే పెట్టుకోండి. ఆర్థిక సంవత్సరం చివర్లో సీఎఫ్ఓకి (ఫైనాన్స్ హెడ్‌కి) గుర్తుచేస్తే మీ మీదే పడుతుంది.

సమస్య: వెల్డర్లు, ఫిట్టర్లు దొరకడం లేదు

దొరక్కపోవడం కాదు, మీరిచ్చే రేటుకు అయిదేళ్ల అనుభవం దొరకడం లేదు. ఈ ఊళ్లో షిప్‌యార్డు, డాక్‌యార్డు, పోర్టు, రిఫైనరీ, స్టీల్ ప్లాంటు అన్నీ ఒకే రకం చేతులకు పోటీ పడతాయి. ఎక్కడైనా మరమ్మతుల కోసం ప్లాంటు ఆపే పెద్ద షట్‌డౌన్ పడితే మంచి వెల్డర్ రోజు కూలి రేటు చూసి నెలన్నర అటు వెళ్లిపోతాడు. గల్ఫ్ వీసా వస్తే ఇంక అడగక్కర్లేదు. ఉన్నవాళ్లను ఒకరి దగ్గర్నుంచి ఒకరు లాక్కుంటే రేటు పెరుగుతుంది కానీ వెల్డర్ల సంఖ్య పెరగదు.

అందుకే తయారుచేసుకోవాలి. 30 మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న సంస్థలు, కాంట్రాక్ట్ వాళ్లతో కలిపి లెక్కేసి, 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలని చట్టమే చెబుతోంది. చాలామంది 2.5 దగ్గర ఆగి, ఆ కుర్రాళ్ల చేత జిరాక్స్‌లు తీయిస్తారు. స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 మించకుండా, కేంద్ర పథకం కింద వస్తుంది. కంచరపాలెం ఐటీఐ నుంచి వచ్చిన కుర్రాడికి రాడ్ పట్టుకోవడం వచ్చు, మీ జాబ్ మీద పోజిషన్ వెల్డింగ్ (నిలువుగా, తలపైన ఉన్న అతుకులు వేయడం) రాదు. అది నేర్పడానికి మీ ఊళ్లోనే మనుషులున్నారు. కూర్మన్నపాలెం, ఉక్కునగరం చుట్టూ రిటైరైన ఫోర్‌మన్‌లు ఎందరో. వారానికి రెండు రోజులు రమ్మంటే డబ్బుకన్నా ఉత్సాహంతో వస్తారు. వాళ్లకు క్లాస్‌రూమ్ ఇవ్వకండి, షెడ్డులో ఒక మూల ఇవ్వండి.

నేర్చుకున్నాక నిలబెట్టుకోవడం ఎలా అంటారా? గ్రేడు, గ్రేడుకు రేటు, టెస్టు తేదీ, ఈ మూడూ గోడ మీద రాసి ఉండాలి. వచ్చే జనవరిలో టెస్టు పాసైతే ఎంత పెరుగుతుందో తెలిసినవాడు డిసెంబర్‌లో మానేయడు.

సమస్య: నియర్ మిస్ రిజిస్టర్‌లో ‘సున్నా’

నియర్ మిస్ అంటే తృటిలో తప్పిన ప్రమాదం. సున్నా సమస్యలా కనిపించదు, ఆడిట్‌లో మెచ్చుకుంటారు కూడా. నాకైతే భయమేస్తుంది. రెండు వందల మంది పనిచేసే చోట నెలంతా ఒక్క కాలు జారలేదు, ఒక్క వాల్వ్ కారలేదు అంటే రాయడం లేదని అర్థం. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఒక ఫార్మా యూనిట్‌లో జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. ఆ తర్వాత కొన్ని వారాలు అందరం సేఫ్టీ మీటింగులు పెట్టాం. తర్వాత పాత కథే.

రాయకపోవడానికి కారణం తేలికే. రాస్తే ‘నువ్వేం చేస్తున్నావు’ అని మొదటి ప్రశ్న వాడికే వస్తుంది. కాంట్రాక్ట్ కుర్రాడైతే మర్నాడు గేటు పాస్ రద్దవుతుంది. ఇది సేఫ్టీ ఆఫీసర్ పని అని హెచ్ఆర్ తప్పించుకోకూడదు, భయం పుట్టించేది గేటు పాస్ కాబట్టి. నియర్ మిస్ చెప్పిన మనిషిని ముప్ఫై రోజుల పాటు హెచ్ఆర్ సంతకం లేకుండా కాంట్రాక్టర్ తప్పించకూడదని ఒక లైను కాంట్రాక్ట్‌లో చేర్చండి. రిజిస్టర్ ఇంగ్లీషులో ఉంటే తెలుగు, హిందీ, ఒడియా పేజీలు పెట్టండి.

సమస్య: ఆఫర్ తీసుకుని చేరడం లేదు, ఉన్నవాళ్లు దిక్కులు చూస్తున్నారు

ఇది ఐటీ కంపెనీలుండే మధురవాడ, రుషికొండ వైపు గొడవ. 2025లో టీసీఎస్‌కు రుషికొండలో 99 పైసల నామమాత్రపు ధరకు 21.16 ఎకరాలు ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. అదే ఏడాది అక్టోబర్‌లో అయిదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో విశాఖలో ఏఐ హబ్ పెడతామని గూగుల్ ప్రకటించింది. దాంతో చిన్న కంపెనీల్లో కుర్రాళ్లంతా ‘ఆగి చూద్దాం’ అంటున్నారు. డేటా సెంటర్ కట్టాక అందులో ఎక్కువ కావాల్సింది ఎలక్ట్రికల్, కూలింగ్, నెట్‌వర్క్, సెక్యూరిటీ వాళ్లు. మీ జావా డెవలపర్‌కు దాన్ని చూసి ఆగాల్సిన పనిలేదు. ఆ మాట మీరే కూర్చోబెట్టి చెప్పండి. చెప్పకపోతే వాట్సాప్ చెబుతుంది.

ఏఐ వల్ల ఉద్యోగం పోతుందన్న టెన్షన్ కూడా ఇక్కడే ఎక్కువ. ‘ఎవరినీ తీయం’ అని మాత్రం మాటివ్వకండి, అది మీ చేతిలో లేదు. టీమ్‌తో కూర్చుని పనుల లిస్టు రాయండి: ఏది మిషన్ చేస్తుంది, ఏది మనిషే చూసుకోవాలి, ఆ రెండో దానికి ఎవరికి ఏం నేర్పాలి. మా పేరోల్ టీమ్‌లో ఇలా రాస్తే డేటా ఎంట్రీ పోయింది, పీఎఫ్ క్లెయిముల తప్పులు సరిదిద్దడం మిగిలింది. దానికి మనుషులు చాలలేదు.

సమస్య: నైట్ షిఫ్ట్‌కి ఆడవాళ్లు రావడం లేదు

చట్టం రాత్రి ఏడు తర్వాత, ఉదయం ఆరుకు ముందు పనికి అనుమతిస్తుంది, వాళ్ల సమ్మతితో, భద్రత, రవాణా ఏర్పాట్లతో. సమ్మతి పత్రం మీద అందరి చేతా ఒకేరోజు సంతకాలు పెట్టిస్తే అది సమ్మతి కాదు. పై చోడవరం బస్సు కథ మళ్లీ చదవండి. లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే ఇంటర్నల్ కమిటీ సభ్యుల ఫోన్ నంబర్లు ఆడవాళ్ల వాష్‌రూమ్ తలుపు లోపలి వైపు అంటించండి. గేటు దగ్గర అంటిస్తే ఎవరూ నిలబడి రాసుకోరు.

సమస్య: సంక్రాంతి వారం హాజరు పడిపోతోంది

దీనికి మందు లేదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్లు భోగి ముందురోజు రాత్రికి ఊళ్లో ఉండాల్సిందే. మెమోలిచ్చినా, జీతం కోసినా కనుమ వెళ్లాకే వస్తారు. ప్లాంట్ హెడ్‌తో నవంబర్‌లోనే మాట్లాడి మెయింటెనెన్స్ షట్‌డౌన్‌ను ఆ వారానికి జరపండి. తప్పక నడపాల్సిన లైన్లకు బిహార్, ఒడిశా వాళ్లను ముందే అడగండి. ఛట్ పూజకు, రథయాత్రకు సెలవు గ్యారంటీ అని మాటిస్తే సంక్రాంతికి వాళ్లు నిలబడతారు. ఆ మాటను లీవ్ రిజిస్టర్‌లో తేదీతో సహా వాళ్ల ముందే రాయండి.