చిన్న జీవుల ఫోటోగ్రఫీ – పాఠం 4: గాజు లేని గొట్టం

పోయిన పాఠంలో లెన్స్ ముందు బిగించే క్లోజప్ ఫిల్టర్లతో పని చేశాం. ఈసారి లెన్స్ వెనక్కి వెళ్దాం. ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ అంటే కెమెరా బాడీకీ లెన్స్‌కీ నడుమ బిగించే గొట్టం. చేతిలోకి తీసుకుని అందులోంచి చూడండి. అవతల ఉన్నది ఉన్నట్టే కనిపిస్తుంది. లోపల గాజు లేదు, గాలి తప్ప మరేమీ లేదు. మరి ఖాళీ గొట్టం చీమను ఎలా పెద్దది చేస్తుంది? ఇది అర్థమైతే మిగతా పాఠమంతా సులువు. అందుకే కెమెరాను కాసేపు పక్కన పెట్టమంటున్నాను.

ఒక భూతద్దం, ఒక కొవ్వొత్తి, ఒక తెల్ల గోడ చాలు. పగటిపూట కిటికీకి ఎదురుగా ఉన్న గోడ దగ్గర భూతద్దాన్ని పట్టుకుని ముందుకూ వెనక్కూ జరపండి. ఒకచోట బయటి చెట్టు తలకిందులుగా, చిన్నగా, స్పష్టంగా గోడ మీద పడుతుంది. అప్పుడు గోడకూ అద్దానికీ మధ్య ఉన్న దూరమే ఆ అద్దం ఫోకల్ లెంగ్త్. బడిలో నాభ్యంతరం అని చదువుకున్నది ఇదే. అది 10 సెంటీమీటర్లు అనుకుందాం. రాత్రి దీపాలార్పి కొవ్వొత్తిని అద్దానికి 20 సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. ఇప్పుడు బొమ్మ స్పష్టంగా పడాలంటే అద్దం గోడకు కూడా 20 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. గోడ మీది జ్వాల సరిగ్గా అసలు జ్వాలంతే ఉంటుంది. కొవ్వొత్తిని 15 సెంటీమీటర్లకు తెచ్చి, అద్దాన్ని గోడకు 30 సెంటీమీటర్ల దూరానికి జరపండి. జ్వాల రెట్టింపవుతుంది, దానితోపాటు మసకబారుతుంది కూడా. ఆ మసకను గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

గోడ స్థానంలో కెమెరా లోపల బొమ్మ పడే సెన్సర్‌ను, భూతద్దం స్థానంలో లెన్స్‌ను ఊహించుకోండి. వస్తువు దగ్గరికి వచ్చేకొద్దీ లెన్స్ సెన్సర్‌కు దూరంగా జరగాలి. మామూలు లెన్స్ తన ఫోకస్ రింగు తిప్పినంత మేరకే, అంటే కొద్ది మిల్లీమీటర్లే జరగగలదు. అక్కడితో దాని శక్తి అయిపోతుంది. మిగిలిన దూరాన్ని గొట్టం ఇస్తుంది. పాతకాలపు స్టూడియో కెమెరాల్లో కొలిమితిత్తిలా సాగే మడతల పెట్టె చేసిన పని కూడా ఇదే.

లెక్క ఒక్కటే: గొట్టం పొడవును లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించండి. వచ్చేదే గొట్టం వల్ల కలిసే మాగ్నిఫికేషన్. మార్కెట్లో బాగా దొరికే ఒక సెట్‌లో 12, 20, 36 మిల్లీమీటర్ల గొట్టాలు మూడు ఉంటాయి. 50 మి.మీ. లెన్స్‌కు 12 గొట్టం పెడితే 0.24, 36 పెడితే 0.72, మూడూ కలిపితే 68ని 50తో భాగించి 1.36. లెన్స్‌ను దాని అతి దగ్గరి ఫోకస్‌కు తిప్పితే దాని సొంత మాగ్నిఫికేషన్ కూడా దీనికి తోడవుతుంది. 1 అంటే సెన్సర్ మీద పడే బొమ్మ అసలు పురుగంతే ఉందని అర్థం. మాక్రో అన్న మాట అసలు అక్కడి నుంచే వర్తిస్తుందని పాత ఫోటోగ్రాఫర్లు పట్టుబడతారు. నేనూ వారితోనే ఏకీభవిస్తాను. కానీ నేర్చుకునేవారికి 0.3 నుంచి 0.7 దాకా ఉన్న ప్రాంతమే ఎక్కువ పనికొస్తుంది.

ఆ లెక్కలో ఇంకో సంగతి దాగి ఉంది. అదే 36 గొట్టాన్ని 200 మి.మీ. లెన్స్‌కు పెడితే కలిసేది 0.18 మాత్రమే. అలాగని టెలిఫోటోకు గొట్టం వృథా అనుకోవద్దు. సీతాకోకచిలుకకూ తూనీగకూ అంత పెద్ద మాగ్నిఫికేషన్ అవసరం లేదు. వాటిని బెదరగొట్టని దూరం కావాలి. టెలిఫోటోకు ఉన్న చిక్కల్లా మీటరుకో మీటరున్నరకో దగ్గరగా వెళ్తే ఫోకస్ కుదరకపోవడం. గొట్టం ఆ కంచెను తీసేస్తుంది. వైడ్ లెన్స్ సంగతి దీనికి వ్యతిరేకం. కెమెరాతోపాటు వచ్చే 18-55 మి.మీ. కిట్ లెన్స్‌ను 18 దగ్గర పెట్టి 12 గొట్టం బిగిస్తే ఫోకస్ కుదిరే చోటు దాదాపు ముందు గాజును తాకుతుంది, పురుగు మీద లెన్స్ నీడే పడుతుంది. కిట్ లెన్స్ మాత్రమే ఉన్నవారు దాన్ని 55 దగ్గర ఉంచి వాడండి.

కొనేవారికి ఒక మాట. గొట్టం అంచులో బంగారు రంగు కాంటాక్టులు ఉన్నవే తీసుకోండి. నేను మొదట కొన్నది కాంటాక్టులు లేని చవక గొట్టం. నా లెన్స్‌కు అపర్చర్ రింగు, అంటే వెలుగు వచ్చే రంధ్రాన్ని చేత్తో తెరిచి మూసే రింగు, లేదు. కెమెరాకూ లెన్స్‌కూ మధ్య మాట తెగిపోవడంతో అపర్చర్ పూర్తిగా తెరిచే ఉండిపోయింది. ఆ రోజు తీసిన అక్షింతల పురుగు ఫోటోల్లో దాని వీపు మీది ఒక్క చుక్క తప్ప అన్నీ మసకే. తప్పు నా చేతిదేనని చాలా రోజులు బాధపడ్డాను. అపర్చర్ రింగు ఉన్న పాత లెన్స్ మీ దగ్గరుంటే మాత్రం చవక గొట్టమే చాలు, డబ్బు ఖర్చు చేయవద్దు.

బిగించేటప్పుడు కెమెరా ఆపి, ముందు గొట్టాన్ని బాడీకి, తర్వాత లెన్స్‌ను గొట్టానికి, టక్కుమనే వరకు తిప్పండి. బరువైన లెన్స్ అయితే ఎడమ చేత్తో దాన్నే పట్టుకోండి, బరువంతా గొట్టం అతుకుల మీద పడనీయవద్దు. గొట్టం ఉన్నంతసేపూ దూరపు దృశ్యాలకు ఫోకస్ కుదరదు. లెన్స్ చెడిపోయిందని కంగారు పడకండి, గొట్టం తీస్తే అంతా మామూలే.

ఇప్పుడు గోడ మీది మసక దగ్గరికి వద్దాం. లెన్స్ దూరం జరిగేకొద్దీ అదే వెలుగు ఎక్కువ వైశాల్యం మీద పరుచుకుంటుంది. అపర్చర్ ఎంత తెరుచుకుందో చెప్పేది ఎఫ్ సంఖ్య; అది పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. మాగ్నిఫికేషన్‌కు 1 కలిపి ఎఫ్ సంఖ్యతో గుణిస్తే అసలు పనిచేసే ఎఫ్ సంఖ్య వస్తుంది. మాగ్నిఫికేషన్ 1 దగ్గర మీరు ఎఫ్/8 పెడితే వెలుగు ఎఫ్/16 అంతే అందుతుంది, అంటే నాలుగో వంతు. షట్టర్ 1/200 సెకను సరిపోయే చోట 1/50 సెకను కావాలి. వెలుగును కొలిచే కెమెరా మీటరు దీన్ని తనంతట తానే సర్దుకుంటుంది. కానీ చేతి వణుకును అది సర్దలేదు. పైగా ఎఫ్/16కో ఎఫ్/22కో మూసుకుంటూ పోతే వెలుగు అంచుల దగ్గర వంగి బొమ్మ మొత్తం మెత్తబడుతుంది. నా అలవాటు ఎఫ్/8, మహా అయితే ఎఫ్/11.

అంత మూసినా స్పష్టంగా దక్కే లోతు ఎంతో తెలుసా? మామూలు కెమెరాల్లో ఉండే ఏపీఎస్-సీ రకం సెన్సర్ మీద ఎఫ్/8 దగ్గర మాగ్నిఫికేషన్ 0.24 ఉంటే సుమారు 7 మిల్లీమీటర్లు. 0.72కు వెళ్తే సుమారు ఒక్క మిల్లీమీటరు, అంటే ఆవగింజ మందం కూడా ఉండదు. అందుకే మొదటి వారం 12 గొట్టం ఒక్కటే వాడమని గట్టిగా చెబుతున్నాను. మూడూ ఒకేసారి బిగించి, ఒక్క ఫోటో కూడా రాక సెట్‌ను పెట్టెలో పడేసినవారిని చూశాను.

ఫోకస్ విషయంలో పాత అలవాటు మానుకోవాలి. ఆటోఫోకస్ ఆపండి. రింగును కావలసిన చోట నిలిపి, ఇక దాన్ని ముట్టుకోకండి. మోచేతులు మోకాళ్ల మీదో నేల మీదో ఆనించి, నడుమును అంగుళంలో పదో వంతు చొప్పున ముందుకు కదపండి. వ్యూఫైండర్‌లో పురుగు కన్ను మెరిసిన క్షణాన నొక్కండి, వరుసగా నాలుగైదు. గాలికి ఆకు ఊగుతుంటే నాకు బాగా ఉపయోగపడిన కిటుకు ఒకటుంది: ఎడమ చేతి బొటనవేలు, చూపుడు వేలుతో ఆకు కాడను పట్టుకుని, అదే చేతి మీద లెన్స్‌ను ఆనించండి. ఆకూ లెన్సూ కలిసే ఊగుతాయి, వాటి మధ్య దూరం మారదు. సీతాకోకచిలుక రెక్కలు ముడిచి కూర్చుంటే సెన్సర్‌ను రెక్కలకు సమాంతరంగా ఉంచండి. ఉన్న కొద్ది లోతూ రెక్క పొడవునా పరుచుకుంటుంది.

ఈ పాఠాన్ని ఇప్పుడే రాయడానికి కారణం ఆరుద్ర పురుగు. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర కార్తె వస్తుంది. తొలి వానలకు తడిసిన ఎర్ర నేలల్లో, చెలకల్లో మఖమల్ గుడ్డ కత్తిరించి చేసినట్టుండే ఆ ఎర్రటి జీవులు మట్టిలోంచి పైకి వస్తాయి. పేరుకు పురుగే గానీ, ఎనిమిది కాళ్లుండే సాలీళ్ల బంధువు. నెమ్మదిగా నడుస్తుంది, కుట్టదు, చిటికెన వేలి గోరంత ఉంటుంది. 50 మి.మీ. లెన్స్‌కు 20 గొట్టం సరిగ్గా సరిపోతుంది. కెమెరాను నేలకు ఆనించి, దాని ఎత్తు నుంచే తీయండి. ఆ ఎరుపు సెన్సర్‌ను ముంచెత్తుతుంది, నూగంతా ఒకే ముద్దగా వచ్చేస్తుంది. ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాపులో (స్టాపు తగ్గితే వెలుగు సగమవుతుంది) మూడింట రెండు వంతులు తగ్గిస్తే ఒక్కో వెంట్రుకా విడివిడిగా కనిపిస్తుంది. ఫోటో కోసం దాన్ని సీసాలో వేసి ఇంటికి తేవద్దు, కదలకుండా ఉండాలని ఏ పురుగునూ ఫ్రిజ్‌లో పెట్టవద్దు. నేల మీద ఉన్న కొద్ది రోజుల్లోనే అది తినాలి, జత కట్టాలి. మన ఫోటో కోసం ఆ రోజుల్లో ఒక్కటి కూడా తగ్గించే హక్కు మనకు లేదు.

వానల లోపు ఇంట్లో చేయవలసిన పని: బడి పిల్లల స్కేలును బల్ల మీద పెట్టి, ఒక్కో గొట్టంతో నేరుగా పైనుంచి ఫోటో తీయండి. ఫోటో అడ్డంగా ఎన్ని మిల్లీమీటర్లు పట్టిందో లెక్కపెట్టి, మీ సెన్సర్ వెడల్పును ఆ సంఖ్యతో భాగించండి. సెన్సర్ వెడల్పు కెనాన్ ఏపీఎస్-సీ అయితే 22.3, నికాన్ అయితే 23.5, పెద్దదైన ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ అయితే 36 మిల్లీమీటర్లు. స్కేలు మీద 31 గీతలు పట్టి, సెన్సర్ 22.3 అయితే మాగ్నిఫికేషన్ 0.72. తర్వాత అదే స్కేలును ఏటవాలుగా నిలబెట్టి, అంచు వెంట ఆవగింజలు పేర్చి, ఎఫ్/4, ఎఫ్/8, ఎఫ్/16 దగ్గర తీసి ఎన్ని గింజలు స్పష్టంగా వచ్చాయో నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆ కాగితాన్ని మీ కెమెరా సంచిలోనే ఉంచండి. వచ్చే పాఠంలో ఫ్లాష్ వెలుగును పాల కవరుతో మెత్తబరిచేటప్పుడు ఆ అంకెలు కావాలి.