డెస్క్‌టాప్‌కు ఎక్కువ ర్యామా, వేగమైన ర్యామా: ఎలా తేల్చుకోవాలి?

అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర పెళ్లి ఆల్బమ్‌లు చేసే ఒక స్టూడియోలో, 8 జీబీ 2666 ర్యామ్ (ఈ అంకె దాని వేగం) తీసేసి, అంతే సైజులో 3600 ర్యామ్ వేయించారు. వారం తిరక్కుండానే యజమాని నన్ను పిలిచి, "అన్నా, స్పీడు ర్యామ్ వేసినా సేవ్ కొడితే ఇంకా తిరుగుతానే ఉండాది" అన్నారు. ఆయన డబ్బు పెట్టిన చోటు వేరు, ఇబ్బంది ఉన్న చోటు వేరు.

ర్యామ్ కొనే ముందు, మీరు రోజూ చేసే పనిలో అన్నింటికంటే బరువైనదాన్ని తెరిచి, అది నడుస్తుండగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ చూడండి. ఖాళీగా కూర్చున్న కంప్యూటర్‌ను చూసి లాభం లేదు. "ఇన్ యూజ్" అంకె కంటే "కమిటెడ్" అనే జంట అంకెల్లో మొదటిది (నడుస్తున్న ప్రోగ్రాములన్నీ కలిపి అడిగిన మెమరీ) ముఖ్యం. అది మీ మొత్తం ర్యామ్‌ను దాటి నిలకడగా ఉండి, పని కూడా నత్తనడక నడుస్తుంటే, ర్యామ్‌లో పట్టని సరుకును విండోస్ డిస్క్ మీదికి తోస్తోందని అనుకోవచ్చు.

స్టూడియోలో జరిగింది అదే. 12×36 అంగుళాల ఆల్బమ్ షీటు 300 డీపీఐలో 10,800×3,600 పిక్సెళ్లు, అంటే సుమారు 3.9 కోట్లు. పిక్సెల్‌కు మూడు బైట్ల లెక్కన ఒక పూర్తి లేయర్‌కే (ఫొటోషాప్‌లో ఒకదానిపై ఒకటి పరిచే పొర) దాదాపు 117 ఎంబీ కావాలి. వధూవరుల ఫొటోలు, పూల అంచులు, నీడలు, అక్షరాలు అంటూ పది పూర్తి లేయర్లు చేరితే ఒక్క షీటు 1 జీబీ దాటుతుంది. వెనక్కి వెళ్లడానికి ఫొటోషాప్ దాచుకునే హిస్టరీ దీనికి అదనం. ఇలాంటి షీట్లు మూడు నాలుగు తెరిచి, పక్కన బ్రౌజర్ కూడా ఉంచితే 8 జీబీ ఎక్కడ సరిపోతుంది?

ఇక వేగం సంగతి. ఒక ఛానెల్‌లో, అంటే ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య ఉన్న ఒక దారిలో, 2666 ర్యామ్ సెకనుకు గరిష్ఠంగా 21.3 జీబీ, 3600 ర్యామ్ 28.8 జీబీ అందిస్తాయి. తేడా చిన్నదేమీ కాదు. అయితే ఆ స్టూడియోలో ఉన్న సాటా ఎస్‌ఎస్‌డీ డిస్క్ సెకనుకు 0.55 జీబీ దగ్గరే ఆగుతుంది. పని డిస్క్ మీదికి జారిన క్షణం నుంచి ర్యామ్ ఎంత పరిగెత్తినా డిస్క్ కోసం వేచి ఉండాల్సిందే. 16 జీబీ వేస్తే ఆ తిరగడం ఆగింది; ఆల్బమ్ పని మాత్రమే చేసేవారికి 32 జీబీ అయినా ఎక్కువ అనను.

కమిటెడ్ అంకె ర్యామ్‌లో సగం దగ్గరే ఉంటే మాత్రం ఇంకో స్టిక్ (ర్యామ్ పలక) వేయడం దండగ. అప్పుడు వేగం గురించి ఆలోచించవచ్చు, ముఖ్యంగా విడి గ్రాఫిక్స్ కార్డు లేకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే ఆటలు ఆడేవారు, ఎందుకంటే ఆ గ్రాఫిక్స్ కూడా ఇదే ర్యామ్‌ను వాడుకుంటుంది. అయితే కొనే ముందు రెండు విషయాలు చూడండి. ఒకటి, స్టిక్ ఒక్కటే ఉంటే అలాంటిదే రెండోది వేయడం వల్ల రెండు ఛానెళ్లు పనిచేసి దారి రెట్టింపవుతుంది. పరిమాణం కూడా పెరుగుతుంది. నా దృష్టిలో అన్నింటికంటే గిట్టుబాటు బేరం ఇదే. రెండు, 3600 అని రాసి ఉన్న ర్యామ్ చాలా కంప్యూటర్లలో 2133 లేదా 2666 దగ్గరే నడుస్తూ ఉంటుంది. కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు తెరిచే సెట్టింగుల తెర, అంటే బయోస్‌లో ఎక్స్‌ఎంపీ, కొన్ని ఏఎండీ బోర్డుల్లో ఎక్స్‌పో లేదా డీఓసీపీ అనేదాన్ని ఆన్ చేస్తే, మీరు ఎప్పుడో డబ్బు కట్టిన వేగం ఇప్పుడు చేతికొస్తుంది. చవక బోర్డులు కొన్ని దీనికి ఒప్పుకోవు కాబట్టి బోర్డు మాన్యువల్ చూడాలి.

దుకాణంలో అంకె పెద్దదని మురిసిపోకుండా సీఎల్ (అడిగిన సమాచారం ఇవ్వడం మొదలుపెట్టడానికి ర్యామ్ తీసుకునే ఆలస్యాన్ని చెప్పే అంకె) కూడా అడగండి. సీఎల్‌ను 2000తో గుణించి వేగంతో భాగిస్తే ఆలస్యం నానోసెకన్లలో వస్తుంది. పాత తరం డీడీఆర్‌4లో 3200 సీఎల్ 16కూ, కొత్త తరం డీడీఆర్‌5లో 6000 సీఎల్ 30కూ వచ్చేది ఒకటే, 10. డీడీఆర్‌5 వెడల్పైన దారి ఇస్తుందే గాని, మొదటి అడుగు త్వరగా వేస్తుందని కాదు. డీడీఆర్‌4 స్లాట్‌లో డీడీఆర్‌5 పట్టదు, గాడి వేరేచోట ఉంటుంది. పాతదానితో వేగం తక్కువ స్టిక్ కలిపితే రెండూ తక్కువ వేగానికే దిగుతాయి. డీడీఆర్‌5లో నాలుగు స్టిక్‌ల కంటే పెద్దవి రెండు మేలు: ఏఎండీ రైజెన్ 7000 డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు రెండింటితో అధికారిక వేగం 5200, నాలుగు పెడితే 3600 మాత్రమే.

బిగించేటప్పుడు ప్లగ్ పీకి, క్యాబినెట్ ఇనుమును తాకి చేతిలోని స్టాటిక్ వదిలించుకోండి. మన ఎండాకాలపు పొడిగాలిలో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. స్లాట్‌లో దుమ్ము ఉంటే బ్లోయర్‌తో ఊదాలి, నోటితో కాదు. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో సాధారణంగా ప్రాసెసర్ నుంచి రెండోది, నాలుగోది వాడాలి. క్లిప్ టక్కుమనే వరకు నొక్కండి. డీడీఆర్‌5 అయితే మొదటిసారి తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉండవచ్చు, కంగారుపడి ఆపేయకండి. తర్వాత స్టార్ట్‌లో విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ వెతికి ఒక విడత నడపండి. అందులో తప్పులు చూపిస్తే బిల్లుతో సహా స్టిక్‌ను దుకాణానికి తీసుకెళ్లి మార్పించుకోండి.