నాన్న రేడియోకి గొంతు తిరిగొచ్చింది

నాన్న పాత ట్రాన్సిస్టర్ రేడియోలో 837 కిలోహెర్ట్జ్ విజయవాడ కేంద్రం గుసగుసలా వినిపించేది. సెల్స్ కొత్తవే, స్పీకర్ బాగానే ఉంది. లోపం ఐఎఫ్ యాంప్లిఫయర్‌లో దొరికింది. రేడియో ఏ స్టేషన్ సిగ్నల్‌నైనా 455 కిలోహెర్ట్జ్‌కి మార్చాక, దాన్ని పెంచే భాగం అది. అక్కడ సిగ్నల్‌ని పెంచే ట్రాన్సిస్టర్ అనే చిన్న విడిభాగానికి లోడ్‌గా కాయిల్, కెపాసిటర్ పక్కపక్కన సమాంతరంగా ఉంటాయి. 455 కిలోహెర్ట్జ్ దగ్గర ఆ జంట ఇంపెడెన్స్ (ఏసీ కరెంటుకి అడ్డు) బాగా పెరుగుతుంది కాబట్టి గెయిన్, అంటే సిగ్నల్ పెరిగే మోతాదు, అక్కడే ఎక్కువ. ట్యూనింగ్ పక్కకి జరిగిందా, సిగ్నల్ పడిపోతుంది.

పరీక్ష సిగ్నల్ ఇచ్చే సిగ్నల్ జనరేటర్ పెట్టి, పసుపు ఐఎఫ్‌టీ (ఆ కాయిల్, కెపాసిటర్ ఉండే చిన్న డబ్బా) కోర్‌ని, అంటే ట్యూనింగ్ మార్చే మరని, ఎంత తిప్పినా సిగ్నల్ పీక్ రాలేదు. ఆ డబ్బా అడుగున ఉన్న బుల్లి కెపాసిటర్ నల్లబడిపోయింది. దాన్ని తీసేసి బయట 180 పీకోఫారడ్‌ది వేశాను. కోర్‌ని ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తోనే తిప్పండి. ఇనుపది దగ్గరికొస్తే చాలు, ట్యూనింగ్ మారిపోతుంది.

ఈసారి పీక్ స్పష్టంగా వచ్చింది. సాయంత్రం ప్రాంతీయ వార్తలు వీధి గుమ్మం దాకా వినపడితే, నాన్న మంచం మీద లేచి కూర్చున్నారు.