తక్కువ ధర టార్క్ రెంచ్‌ను ఎలా ఎంచుకోవాలి, ఎలా కాపాడుకోవాలి?

పంక్చర్ షాపులో వీల్ నట్లను గాలి గన్నుతో బిగిస్తారు, లేదంటే పానా మీద కాలు పెట్టి తొక్కుతారు. ఎలా చేసినా ఎంత బిగిసిందో ఎవరికీ తెలియదు. అతిగా బిగిస్తే స్టడ్ (నట్టు ఎక్కే మరల కడ్డీ) సాగి మర చెడిపోతుంది. విజయవాడ నుంచి గుంటూరు వెళ్తూ దారిలో స్టెప్నీ మార్చాల్సి వస్తే ఆ నట్టు కదలదు. వదులుగా వదిలేస్తే చక్రానికే ముప్పు. సొంత కారు, బైకు పనులకు రెండు మూడు వేల రూపాయల క్లిక్ రకం టార్క్ రెంచ్, అంటే పెట్టిన బిగువు రాగానే ‘క్లిక్’మనే పానా, చాలు. ఇంజిన్ హెడ్ బోల్టుల్లాంటి పనికి మాత్రం దాన్ని నమ్ముకోవద్దు.

కొనేముందు

ముందు బండి మాన్యువల్ తీసి ఏ నట్టు ఎంత బిగించాలో అంకెలు రాసుకోండి. మామూలు కార్ల వీల్ నట్లు ఎక్కువగా 85 నుంచి 120 ఎన్‌ఎం (న్యూటన్ మీటర్లు, బిగువు కొలత) మధ్య ఉంటాయి. వాటికి అరంగుళం డ్రైవ్ (సాకెట్ తగిలించే చదరపు ముక్కు), 28–210 ఎన్‌ఎం రెంచ్ సరిపోతుంది. బైకు స్పార్క్ ప్లగ్గు లాంటి చిన్న పనులకు 5–25 ఎన్‌ఎం రెంచ్ విడిగా ఉండాలి. పెద్దదానితోనే సర్దుకుందామంటే కుదరదు. స్కేలులో బాగా చిన్న అంకెల దగ్గర క్లిక్ చాలా మెత్తగా వస్తుంది, చేతికి తెలియక ఇంకా లాగుతారు, అల్యూమినియం మర ఊడి వస్తుంది. రెంచ్ గరిష్ఠ అంకెలో ఐదో వంతు కంటే కింద వాడకపోవడం మంచిది.

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోగానీ గుంటూరు ఆటోనగర్‌లోగానీ కొనేటప్పుడు పెట్టె తెరిపించండి. రెంచ్ మీది సీరియల్ నంబరు, లోపలి కాలిబ్రేషన్ (కొలత సరిచూసిన) కాగితం మీది నంబరు ఒకటే కావాలి. తేడా ±4 శాతంలోపు అని అందులో ఉండాలి. స్కేలు గీతలు లోహంలో చెక్కినవై ఉండాలి, స్టిక్కరైతే నూనె తగిలి చెరిగిపోతుంది. ఎన్‌ఎం స్కేలు ఎటువైపు ఉందో కూడా చూసుకోండి. పొరపాటున ఫుట్ పౌండ్ల (మరో బిగువు కొలత) వైపు 100 పెడితే దాదాపు 136 ఎన్‌ఎం అవుతుంది.

వీల్ నట్లు బిగించడం

1. మరల మీది మట్టి, తుప్పు వైరు బ్రష్‌తో తుడవండి. గ్రీజు, నూనె రాయొద్దు. జారుడు పెరిగితే అదే అంకెకు స్టడ్ ఎక్కువ సాగుతుంది.
2. చక్రం గాల్లో ఉండగానే నట్లన్నీ చేత్తో ఎక్కించి, పానాతో కొద్దిగా బిగించి, జాకీ దించండి.
3. లాక్ వదిలి అంకె పెట్టండి. చాలా 28–210 రెంచ్‌లలో పిడి ఒక చుట్టు తిరిగితే 14 ఎన్‌ఎం. 100 కావాలంటే 98 గీత దాకా తెచ్చి ఇంకో 2 తిప్పి లాక్ చేయాలి.
4. పిడి మధ్యలో పట్టుకుని నిదానంగా లాగండి. పిడికి గొట్టం తొడగొద్దు. ఎదురెదురు నట్లు మార్చుకుంటూ వెళ్లండి.
5. క్లిక్ రాగానే ఆపండి. రెండోసారి లాగితే పెట్టిన అంకె దాటిపోతుంది.

80–100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ సరిచూడండి.

దాచుకోవడం

పని అయ్యాక అంకెను స్కేలులోని కనిష్ఠ గీతకు తెచ్చి పెట్టెలో పెట్టండి. బిగువు మీద వదిలేస్తే స్ప్రింగ్ అలసిపోతుంది, కనిష్ఠం కంటే కిందికి తిప్పినా లోపలి భాగాలు కదిలిపోతాయి. బిగుసుకున్న నట్లు విప్పడానికి దీన్ని వాడొద్దు. కిరోసిన్‌లో ముంచొద్దు, లోపలికి స్ప్రే కొట్టొద్దు, ఉన్న గ్రీజు కడుక్కుపోతుంది. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. మే నెల ఎండలో కారు డిక్కీలో మాత్రం ఉంచొద్దు, ఇంట్లోనే పెట్టండి. నెలల తరబడి వాడకపోతే మధ్య అంకె పెట్టి ఐదారుసార్లు క్లిక్ చేయించాకే పనికి దిగండి. కింద పడితే మాత్రం సరిచూడకుండా వాడొద్దు.

ఇంట్లో సరిచూసుకోవడం

రెంచ్ చదరపు ముక్కును వైస్‌లో బిగించి, పిడిని నేలకు సమాంతరంగా ఉంచండి. బరువు వేలాడదీస్తే బిగించే దిశలో తిరిగేలా ఉండాలి. ముక్కు మధ్య నుంచి 40 సెంటీమీటర్ల దూరంలో, పిడి మీద, తూకం వేసిన 20 కిలోల బరువును తాడుతో నెమ్మదిగా వదలండి. 20 × 9.81 × 0.4 అంటే 78.5 ఎన్‌ఎం. రెంచ్ సొంత బరువు మరో రెండు మూడు కలుపుతుంది, మొత్తం దాదాపు 81. అంకె 70 పెడితే క్లిక్ రావాలి, 90 పెడితే రాకూడదు. బరువు దించుతూ, రెండేసి ఎన్‌ఎం పెంచుతూ, క్లిక్ ఎక్కడ ఆగిపోతుందో కనుక్కోండి. 78–84 మధ్య ఆగితే ఇంటి పనికి భయం లేదు.

తేడా అంతకు మించితే ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపున్న ల్యాబ్‌లో కాలిబ్రేషన్ చేయించాలి. వాళ్ల ఫీజు కొత్త రెంచ్ ధరకు దగ్గరగా ఉంటే కొత్తదే కొనుక్కోండి.